చప్పుడు లేని చదువు

పోయిన నెల తిరుపతిలో మా మనవరాలి బడివాళ్ళు నన్ను పిలిచి శాలువా కప్పారు. ఒకప్పుడు లెక్కలు చెప్పిన ముసలమ్మ ఒకతె ఊళ్ళో ఉందని వాళ్ళకు ఎవరు చెప్పారో ఏమో. శాలువా పని అయిదు నిమిషాల్లో అయిపోయింది గానీ, ఆ తర్వాత 'లెక్కలు ఎలా చదవాలి' అని పిల్లలకు బోధించడానికి హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాడి ఉపన్యాసం ముగిసేదాకా వేదిక దిగడానికి వీల్లేకపోయింది. మంచి కుర్రాడే. చొక్కాకు మైకు తగిలించుకుని, తెర మీద రంగురంగుల బొమ్మలు వేసి, పుస్తకం మూసి గుర్తున్నది రాసి చూసుకోండి, లెక్క మొదలుపెట్టే ముందు జవాబు ఎంత ఉంటుందో అనుకోండి, నేర్చుకున్నది మూడో రోజు మళ్ళీ ఒకసారి తిరగెయ్యండి అని చెప్పుకొచ్చాడు. ఇవన్నీ ఈ మధ్యనే పై దేశాల్లో కనిపెట్టారట. నాకు నవ్వాగలేదు. పక్కన కూర్చున్న హెడ్మాస్టరమ్మ నాకు దగ్గొచ్చిందనుకుని మంచినీళ్ళు తెప్పించింది. ఆ మూడు మాటలూ నేను చిత్తూరులో నాలుగో ఫారం, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతి, చదివేటప్పుడే మా లెక్కల మాస్టారు మునిరత్నం అయ్యవారి నోట విన్నాను మరి. విని, ఇంటికొచ్చి అలాగే చెయ్యబోయి, అసలు చదువుకే ఎసరు పెట్టుకున్నాను. ఆ ముచ్చట ఆ కుర్రాడికి చెబుదామనుకున్నాను గానీ అతనికి రైలు టైమైంది.

మా నాయన మామిడి తోటల వ్యాపారం చేసేవాడు. చెట్టు మీద పిందె ఉండగానే తోట చూసి, ఇంత కాపు దిగుతుందని మదింపు వేసి, రైతుతో బేరం ఖాయం చేసుకుని, కాయ కోతకొచ్చేదాకా కాపలా పెట్టి అమ్ముకోవడం ఆయన పని. ఎండాకాలం వచ్చిందంటే మా ఇంట్లో మనుషులకు చోటుండేది కాదు. నడిమింట్లో వరిగడ్డి పరిచి కాయలు మాగవేసేవాళ్ళు. మేమంతా గోడల వెంబడి ఒదిగి పడుకునేవాళ్ళం. ఆ వాసన పక్కబట్టలకు పట్టేది, నా బడిసంచికి పట్టేది, చివరికి ఉట్టి మీది మజ్జిగక్కూడా పట్టేది. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల, నీ పుస్తకం తెరిస్తే ఆకలేస్తుందే అనేది. ఇప్పుడు బజారులో కొన్న పండును ముక్కుకు ఆనించుకుని ఎంత పీల్చినా ఏమీ రాదు. మందు పెట్టి మాగించిన పండుకు రంగే తప్ప వాసన ఎక్కడిది?

ఇంటి పెత్తనం అంతా అవ్వది, మా నాయన తల్లి. ఆమెకు అప్పటికే చూపు మందగించింది. అయినా నడిమింటి గడప పక్కన కూర్చుని వక్క కత్తిరించుకుంటూ ఇల్లంతటినీ చెవులతోనే ఏలేది. బావి గిలక మోతను బట్టి నీళ్ళు చేదుతున్నది అమ్మా, పనిమనిషా అని చెప్పేది. సంగటి కెలికే కట్టె చప్పుడు విని, "ఇంకా రవ్వంత ఉడకల్ల, దించద్దు" అని ఇక్కడి నుంచే కేకేసేది. అమ్మ తిట్టుకుంటూనే మళ్ళీ పొయ్యి మీద పెట్టేది, ఎందుకంటే అవ్వ మాట ఎప్పుడూ తప్పయ్యేది కాదు. నా చదువు లెక్క కూడా అవ్వ చెవి దగ్గరే ఉండేది. పొద్దున కోడి కూసిన దగ్గర్నుంచి అమ్మ సద్ది పెట్టేదాకా, మళ్ళీ సాయంత్రం దీపం పెట్టిన దగ్గర్నుంచి కంచాలు వేసేదాకా నా గొంతు వినపడుతుండాలి. మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి ఆగినా, "ఏం మే, నిదరపోయినావా?" అని అడిగేది.

మా ఇంట్లోనే కాదు, మా వీధి మొత్తంలో చదువంటే చప్పుడే. పాఠం ఏదైనా ఒక రాగం కట్టి, ముందుకీ వెనక్కీ ఊగుతూ, ఎదురింటికి వినపడేట్టు చదవాలి. మా నాయన వీధిబడిలో ఎక్కాల దాకా అలాగే చదివాడు. పెద్ద పంతొమ్మిదో ఎక్కం ఇప్పుడు లేపి అడిగినా చెబుతానని చెప్పుకునేవాడు, ఒకసారి అమ్మ నిజంగానే లేపి అడిగితే చెప్పాడు కూడా. ఆడపిల్లను హైస్కూలుకు పంపడం మా వీధిలో ఆయనతోనే మొదలు. వీధి వాకిట తిన్నె మీద తోటల రైతులతో మాట్లాడుతూ, లోపల నేను రాగం ఎత్తుకోగానే మాట ఆపేవాడు. "మా పాప. నాలుగో ఫారం" అనేవాడు, వాళ్ళు అడక్కపోయినా. ఎదురింటి కోర్టు గుమాస్తా చెంగల్రాయుడు తన కొడుకును, ఆ ఆడపిల్లను చూసి నేర్చుకోరా అని కొట్టేవాడు. నాకూ గర్వంగానే ఉండేది, అబద్ధం ఎందుకు చెప్పాలి. "సమద్విబాహు త్రిభుజమునందు సమాన భుజముల కెదురుగా నుండు కోణములు సమానములు" అని నేను పలికితే పద్యంలా ఉండేది. ఏ, బీ, సీ అనే అక్షరాలతో సహా నిరూపణ మొత్తం ఒక్క గుక్కలో అప్పజెప్పేదాన్ని. సమద్విబాహు త్రిభుజం అంటే రెండు భుజాలు సమానంగా ఉన్నది అని మాత్రం నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా తోచలేదు.

ఆ ఏడే మునిరత్నం అయ్యవారు మా బడికి కొత్తగా వచ్చారు. కాళహస్తి వైపు మనిషి, సన్నగా, పొడుగ్గా, భుజం మీద ఉత్తరీయం ఎప్పుడూ జారిపోతూ ఉండేది. మొదటి పరీక్షకే ఆయన చేసిన పని ఏమిటంటే, పుస్తకంలోని త్రిభుజాన్నే తలకిందులుగా గీసి, ఏ, బీ, సీలకు బదులు వేరే మూడు అక్షరాలు పెట్టి, నిరూపించండి అన్నారు. క్లాసు క్లాసంతా ఆ తలకిందుల బొమ్మను పక్కన పెట్టి, మాకు నోటికొచ్చిన ఏ, బీ, సీ నిరూపణను ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఇచ్చాం. మర్నాడు అయ్యవారు కాగితాలు బల్ల మీద పెట్టి అటూ ఇటూ వెతకసాగారు. బెత్తం కోసం చూస్తున్నారేమో అనుకున్నాం. "నేనడిగిన త్రిభుజం ఈడుండాది. మీరు జవాబు చెప్పిన త్రిభుజం యాడుండాదో నాకు దొరకలే" అన్నారు. అందరికీ సున్న. మా ముగ్గురు ఆడపిల్లలకు గుండ్రంగా, అందంగా పెట్టారు.

సున్న చూసి నాయన కోప్పడలేదు. ఆయనకు తోచిన కారణం ఒక్కటే, గొంతు చాల్లేదని. అమ్మతో చెప్పి ఆ రాత్రి నుంచే నాకు మిరియాల పాలు పట్టించాడు.

అయ్యవారు మాత్రం ఒక వారం రోజులు క్లాసులో పుస్తకమే తెరవనివ్వలేదు. అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. కాగితం దొరికేది కాదు, కిరసనాయిలు దొరికేది కాదు, దొరికితే వాసన తప్ప మంట వచ్చేది కాదు. రాసి చెరిపేసే భోగం లేదు గనక ముందు తలలో చేసి, ఆ తర్వాత పలక మీద, అది సరైతేనే కాగితం మీద అన్నారు. లెక్క ఇచ్చి, నోరు మూసుకుని చూడమనేవారు. ఏం ఇచ్చినారు, ఏం అడిగినారు, ఆ రెండింటికీ మధ్య దారి ఏమిటి. జవాబు పెద్దదా చిన్నదా, ఎంతలో ఉంటుందో ముందు ఒక మూల రాసి, ఆ తర్వాత చెయ్యమనేవారు. సిద్ధాంతం ఒకసారి చదివి పుస్తకం మూసి, మిగిలింది పలక మీద పెట్టి, ఎక్కడ తెగిపోయిందో అక్కడే మళ్ళీ తెరిచి చూసుకోవాలి. మూడో నాడు దాన్నే మళ్ళీ తిరగెయ్యాలి. ఊరగాయ పెట్టిన మూడో రోజు మీ అమ్మ జాడీ తెరిచి తిరగకలపదా, అదీ అంతే, లేకుంటే పైన బూజు పడుతుంది, అడుగున ఉప్పు నిలుస్తుంది అనేవారు. ఇంకొకటి, బొమ్మలకు పుస్తకంలోని అక్షరాలు వద్దు, మీ ఇంట్లోవాళ్ళ పేర్లు పెట్టుకోండి అన్నారు. నేను త్రిభుజం గీసి పైన అమ్మను, కింద ఒక మూల అవ్వను, ఇంకో మూల నాయనను పెట్టాను. అమ్మ నుంచి అవ్వకు, అమ్మ నుంచి నాయనకు దూరం సమానం. అప్పుడు అవ్వ దగ్గరి కోణం, నాయన దగ్గరి కోణం సమానం కాక ఏమవుతాయి? ఆ బొమ్మను అలాగే చూస్తూ ఉంటే ఒక్కసారిగా తెలిసిపోయింది. అన్నాళ్ళు పాడిన పద్యానికి అర్థం ఉందని తెలిసి ఒళ్ళు ఝల్లుమంది. అవ్వకు చెబితే మాత్రం, "నేనూ వాడూ సమానమెట్లవుతామే, కన్నదాన్ని నేను" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇక నా చదువు మారిపోయింది. పలక ఒళ్ళో పెట్టుకుని, గోడకు ఆనుకుని, బొమ్మ వైపు చూస్తూ కూర్చునేదాన్ని. ఇంట్లో కలవరం అప్పుడు మొదలైంది. అవ్వ చెవికి ఏమీ అందకపోయేసరికి ఆమె లోకంలో నేను చదవడం మానేసినట్టే. ముందు కడుపునొప్పి అనుకుని వాము కషాయం పోశారు. ఆ తర్వాత దిష్టి అని మిరపకాయలు తీశారు. బావి దగ్గర ఏదో చూసి జడుసుకుందని అవ్వ నా మోచేతికి తాయెత్తు కట్టించింది. తాయెత్తు కట్టినా నోరు తెరవలేదని ఇంకా భయపడింది. వీధిలో వాళ్ళు సరేసరి, పాప బడికి పోవడం లేదా అని అమ్మను బావి దగ్గర అడగడం, అమ్మ ఆ మాట మోసుకొచ్చి నాయన ముందు పెట్టడం. నేను చదువుతూనే ఉన్నానని చెప్పాను. యాడ సదవతాండావు, ఇనపడదే అన్నారు.

నాయనకు ఇది పరువు సంగతి. తిన్నె మీద కూర్చుంటే లోపలి నుంచి ఏమీ వినపడదు. రైతులకు ఏమని చెప్పుకోవాలి? ఒకరోజు భోజనాల దగ్గర, ఈ ఏడు పరీక్ష దాకా పోనీ, అయిదో ఫారానికి బడి జీతం కట్టేది లేదు అనేశాడు. గట్టిగా కూడా అనలేదు, ఉప్పు అందుకుంటూ అన్నాడు. ఆయన గట్టిగా అంటే మర్చిపోయేవాడు, అలా నెమ్మదిగా అన్నాడంటే తిరుగులేదని మా అందరికీ తెలుసు. లెక్కలు అర్థమవడం మొదలైన నెలలోనే చదువు ఆగిపోవడం ఏమి ఖర్మ? అంతకు ముందే ఆపి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో.

బడిలో ఏడ్చాను గాబోలు, ఆ ఆదివారం అయ్యవారు ఉత్తరీయం సర్దుకుంటూ మా ఇంటికి వచ్చారు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. నాయన మర్యాదకేం తక్కువ చెయ్యలేదు, చాప వేసి కూర్చోబెట్టి, "మీరొచ్చినంక మా బిడ్డ సదవడం మానేసిందయ్యా" అన్నాడు. అయ్యవారు నా పలక తెప్పించి, ఒక లెక్క ఇచ్చి చేయించి చూపించారు. నాయన చూశాడు. ఒక లెక్కేముంది, ఏడాదంతా చదవాల కదా అన్నాడు. అయ్యవారు చదువులో చూసేది వేరు, వల్లించేది వేరు అని చాలా చెప్పారు. ఆయన ఎంత చెబితే నాయన మొహం అంత బిగుసుకుపోయింది. చదువుకున్నవాడు తన ఇంట్లో తనకు పాఠం చెబుతున్నట్టు తోచిందేమో. అయ్యవారు వెళుతూ నా తల మీద చెయ్యి పెట్టారు. ఆయన చేతకానితనం చూసి నాకు కోపం వచ్చింది.

మాఘమాసం పోయి మామిడి పిందెలు గోలీలంత అయ్యాయి. కొత్త తోట చూడబోయేటప్పుడు నన్ను వెంట తీసుకుపోవడం నాయనకు చిన్నప్పటి నుంచీ ఒక నమ్మకం. నేను ముందు అడుగు పెడితే గాలివాన రాదని. మనసులో నా మీద ఎంత విసుగున్నా ఆ నమ్మకాన్ని వదులుకునే ధైర్యం ఆయనకు లేదు. పూతలపట్టు దారిలో ఒక తోటకు బండి కట్టించాడు. నేను ముందు అడుగు పెట్టాను. ఆ తర్వాత ఆయన తన పని మొదలుపెట్టాడు.

అన్నేళ్ళుగా చూస్తూ ఉన్నా ఆ రోజే మొదటిసారి చూశాను. నాయన చేతులు వెనక్కి కట్టుకుని ఒక చెట్టు కిందికి పోయి, పైకి చూస్తూ నిలబడ్డాడు. వెనక్కి వచ్చి దూరం నుంచి చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. తెరిచి మళ్ళీ చూశాడు. పెదవి కదలలేదు. తోట రైతు మాత్రం ఆయన వెంటే తిరుగుతూ, పోయినేడు కాపు ఇంత, పక్క తోటకు ఇంత అడిగినారు, నా తోటలో పిందె రాలదు అని ఒకటే మాటలు. నాయన మూడు చెట్ల దాకా ఓర్చుకున్నాడు. నాలుగో చెట్టు దగ్గర వెనక్కి తిరిగాడు.

"గమ్మునుండప్పా రవ్వంతసేపు" అన్నాడు. "సూస్తాండాను గదా. నువ్వు మాట్లాడితే నాకు లెక్క నిలవదు."

రైతు నోరు మూసుకున్నాడు. నాయన మళ్ళీ చెట్టు వైపు తిరిగాడు. నా నోటి దాకా ఒక మాట వచ్చింది. అనాలా వద్దా అని తోటంతా తిరిగేదాకా తేల్చుకోలేకపోయాను. నాయనకు ఎదురు చెప్పడం మా ఇంట్లో లేదు. బేరం ఇంకో రెండు రోజులాగి మళ్ళీ ఒకసారి చూసి తేలుస్తానని చెప్పి, ఆయన బండి ఎక్కాడు. ఊరు కనపడేదాకా అలాగే కూర్చున్నాను. ఇంక ఇల్లొచ్చేస్తుంది, అవ్వ, అమ్మ అందరూ వచ్చేస్తారు, మళ్ళీ చెప్పలేను అనిపించింది.

"నాయనా, నాకూ అంతే" అన్నాను. "అరస్తే లెక్క నిలవదు. ఇంట్లో నేను గమ్మునుండేది అందుకే. సూస్తానే ఉండాను."

ఆయన ఎద్దుల వైపే చూస్తూ పగ్గాలు పట్టుకున్నాడు. పని చెడింది, ఉన్నది కూడా పోగొట్టుకున్నాను అనుకున్నాను. చివరికి, "ఎండ జాస్తిగా ఉండాది, తలమీద గుడ్డేసుకో" అన్నాడు. అంతే.

ఇప్పటి పిల్లలను చూస్తే నాకు జాలీ వేస్తుంది, అసూయా వేస్తుంది. మా మనవరాలికి వేరే గది ఉంది, బల్ల ఉంది, కరెంటు ఉంది, ఎలా చదవాలో చెప్పడానికి హైదరాబాదు నుంచి మనిషి వస్తాడు. పిల్ల చదువుతోందంటే మా కోడలు టీవీ ఆపేస్తుంది, కుక్కర్ కూతకు కూడా తలుపు వేస్తుంది. ఇంత చేసీ ఆ పిల్ల చెవుల్లో వైర్లు పెట్టుకుని పాటలు వింటూ లెక్కలు చేస్తుంది. అదేమంటే నిశ్శబ్దంగా ఉంటే బుర్ర పనిచెయ్యదు అవ్వా అంటుంది. సరే, ఎవరి దారి వాళ్ళది. అయ్యవారు ఉంటే ఆమెను కూడా ఏమీ అనేవారు కాదు, జవాబు వస్తోందా లేదా అని మాత్రం చూసేవారు. ఆ ఏడు నేను పాసయ్యాను, మంచి మార్కులే వచ్చాయి. అయిదో ఫారం, ఆరో ఫారం, ఆ తర్వాత మదరాసులో ట్రైనింగు, ఆ తర్వాత నా బతుకంతా సుద్దముక్కలతోనే గడిచింది. మునిరత్నం అయ్యవారి మాటలు నా పిల్లలకు ఏళ్ళ తరబడి చెప్పాను, ఊరగాయ సంగతితో సహా. అందరూ నేను ఆ పరీక్షతో నిలబడ్డాననుకుంటారు. నేనలా అనుకోను. పరీక్ష ఇంకా రానేలేదు, తోట చూసి వచ్చిన ఆ వారంలోనే ఒక సాయంత్రం నా సంగతి తేలిపోయింది.

అప్పుడే దీపం పెట్టారు. నేను నడిమింట్లో గోడకు ఆనుకుని పలక ముందు పెట్టుకుని కూర్చున్నాను. కిటికీ అవతల తిన్నె మీద నాయన, ఎదురింటి చెంగల్రాయుడు మాట్లాడుకుంటున్నారు. కోర్టు సంగతులన్నీ అయిపోయాక చెంగల్రాయుడు గొంతు పెద్దది చేసి, "ఏమబ్బా, మీ పాప గొంతే ఇనపడ్డంలే శానా దినాలుగా. బడి మాన్పించేస్తివా ఏమి?" అని అడిగాడు. నా చేతిలో బలపం ఆగిపోయింది. ఔననే అంటాడు, ఇంకేమంటాడు అనుకున్నాను. వంటింట్లో అమ్మ కూడా చేస్తున్న పని ఆపింది.

"గట్టిగా మాట్లాడొద్దప్పా" అన్నాడు నాయన, తన గొంతు తగ్గించి. "లోపల బిడ్డ సదువుకుంటాండాది."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నాయన మాట పోకూడదని నోటికి పావడా అంచు అడ్డం పెట్టుకుని, గమ్మునే కూర్చున్నాను.